నవ్వించిన కవి: పాల్ లారెన్స్ డన్‌బార్

నవ్వించేవానికి ఒక చిక్కున్నది. ఒక్కసారి నవ్వించినవానిని లోకం మళ్ళీ మళ్ళీ నవ్వించుమనే అడుగుతుంది. వాడు కన్నీటి మాట చెప్పబోతే అదికూడా హాస్యమే కాబోలునని ముందుగానే పెదవులు విప్పి కూర్చుంటుంది. మన ఆలంకారికులు హాస్యాన్ని రసాలలో ఒకటిగా నిలిపి గౌరవించినారు గాని, సభలో హాస్యగానికి వేసే పీట మాత్రం ఎప్పుడూ ఒక మెట్టు క్రిందనే ఉంటున్నది. అమెరికాలో 1970 ప్రాంతాల న్యూయార్క్ నగరపు బ్రాంక్స్ వీధులలో నల్లజాతి యువకుల నోట బయలుదేరి నేడు ప్రపంచమంతటా వినబడుతున్న ర్యాప్ పాటలోను ఈ చిక్కు తప్పలేదు. తాళానికి మాటను జోడించి గుక్కతిప్పుకోకుండా చెప్పే ఆ కళలో చమత్కారంతో పేరు తెచ్చుకొన్నవాడు గంభీరమైన కవిగా గుర్తింపు పొందుటకు పెనగులాడవలసివస్తున్నది. ఆ జాతిలోనే, ఆ పాటకు ఎనభై ఏండ్లకు ముందే, జనుల నోటి పలుకును లయకు కట్టి సభలలో చదివి దేశాన్ని నవ్వించి, ఆ నవ్వులోనే చిక్కుకొని ముప్పదిమూడేండ్లకే కన్నుమూసిన కవి పాల్ లారెన్స్ డన్‌బార్.

డన్‌బార్ 1872 జూన్ 27వ తేదీన ఒహాయో రాష్ట్రంలోని డేటన్ పట్టణంలో జన్మించినాడు. తల్లిదండ్రులిద్దరు కెంటకీ రాష్ట్రంలో బానిసలుగా పుట్టినవారే. తండ్రి జాషువా బానిసత్వంనుండి తప్పించుకొని పోయి, అంతర్యుద్ధకాలంలో మసాచుసెట్సు నల్లజాతి పటాలంలో చేరి పోరాడినవాడు. ఆ దంపతుల కాపురం సరిపడలేదు. పిల్లవానికి పదమూడేండ్లయినా నిండకముందో, నిండుతుండగానో తండ్రి పోయినాడు. తల్లి మెటిల్డా ఊరివారి బట్టలుతికి కుమారుని పెంచినది. కొడుకుకు చదువు చెప్పవలెనన్న కోరికతో తాను పెద్దతనంలో అక్షరాలు నేర్చుకొన్న తల్లి ఆమె. తోటల్లో బానిసలు గడిపిన జీవితాన్ని, వారి మాటతీరును, పాటలను, కథలను ఆమె చెప్పగా పిల్లవాడు విన్నాడు. ఈ సంగతి గుర్తుంచుకోదగినది. దక్షిణదేశపు బానిసల మాండలికంలో ఇతడు వ్రాసిన గీతాలకు మూలం స్వానుభవం కాదు. వంటయింటిలో తల్లి నోట విన్నది.

డేటన్ సెంట్రల్ హైస్కూలులో తన తరగతిలో నల్లజాతి విద్యార్థి అతడొక్కడే. ఐనను సాహిత్యసంఘానికి అధ్యక్షుడైనాడు, పాఠశాల పత్రికకు సంపాదకుడైనాడు. సహాధ్యాయులలో ఆర్విల్ రైట్ ఒకడు. తరువాత అన్నతో కలిసి విమానాన్ని ఎగురవేసిన ఆ రైటే. అప్పటికి రైటు సోదరులకు ఒక చిన్న అచ్చుకూటం ఉండేది. 1890లో డన్‌బార్ తన జాతివారికోసం 'డేటన్ టాట్లర్' అనే పత్రిక మొదలుపెట్టగా దానిని అచ్చువేసినది వారే. డబ్బు చాలక ఆ పత్రిక కొద్ది సంచికలతో ఆగిపోయినది.

1891లో చదువు ముగిసినది. తరగతి వీడ్కోలు గీతం వ్రాసిన ఈ కుర్రవానికి ఊరిలోని పత్రికాఫీసులలోగాని, వ్యాపారస్థలాలలోగాని గుమాస్తా ఉద్యోగం దొరకలేదు. కారణం చెప్పనవసరం లేదు. చివరకు కాలహన్ భవనంలో వారానికి నాలుగు డాలర్ల జీతంమీద లిఫ్టు నడిపే పనిలో కుదిరినాడు. పైకి క్రిందికి తిరిగే ఆ పెట్టెలో, ఎక్కేవారు లేని వేళల కీట్సును, టెన్నిసన్‌ను, షేక్స్పియరును చదువుకొనేవాడు. కాగితం ముక్కలమీద పద్యాలు వ్రాసుకొనేవాడు.

1892లో పశ్చిమ ప్రాంత రచయితల సంఘం డేటన్‌లో సమావేశమైనది. పూర్వం పాఠం చెప్పిన ఉపాధ్యాయురాలొకామె తన శిష్యుని గుర్తుంచుకొని స్వాగతపద్యం చదువుటకు ఆహ్వానింపజేసినది. లిఫ్టు పనినుండి కొద్ది సేపు సెలవు తీసుకొని వచ్చిన ఇరువదేండ్ల యువకుడు వేదికనెక్కి పద్యం చదివి, వెంటనే తిరిగి పనిలోకి వెళ్ళిపోయినాడు. సభ్యులు అతనిని వెదకుకొంటూ పోయి లిఫ్టులో కనుగొన్నారు. వారిలో ఒకరు పత్రికలకు వ్రాసిన లేఖ వలన ఇండియానా కవి జేమ్స్ విట్కం రైలీ దృష్టి ఇతనిపై పడినది. రైలీ పల్లెటూరి యాసలో హాస్యకవిత వ్రాసి దేశమంతటా చదివి పేరుపొందినవాడు. మన విజయనగరంలో 'కన్యాశుల్కం' మొదట రంగమెక్కిన సంవత్సరం కూడ అదే. వాడుకపలుకులో హాస్యమెంత పనిచేయగలదో ఆ కాలంలో చాల దేశాలు తెలిసికొంటూ ఉండినవి.

ఆ యేటి చివర తన పద్యాలు 56 ఏర్చికూర్చి 'ఓక్ అండ్ ఐవీ' అనే పుస్తకం తెచ్చినాడు. అచ్చుకు 125 డాలర్లు కావలెను. అతనివద్ద లేవు. ముద్రణాలయంలోని అధికారి ఒకరు దయతలచి అప్పుమీద అచ్చువేయించగా, లిఫ్టు ఎక్కినవారికి ప్రతి ఒక్కటి డాలరు చొప్పున అమ్మి కొద్ది వారాలలోనే బాకీ తీర్చినాడు. ఆ పుస్తకంలోనే రెండు దారులు కనబడుతున్నవి. అధికభాగం ఇంగ్లీషు మహాకవుల బాటలో నడిచిన శిష్టభాషా పద్యాలు; కొద్దిభాగం మాండలికంలోని హాస్యగీతాలు. పుస్తకం కొన్నవారు మొదట మెచ్చినవి రెండవ రకమే.

మరుసటి సంవత్సరం చికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనకు పనికోసం వెళ్ళినాడు. బానిసగా పుట్టి బానిసత్వ నిర్మూలనకై జీవితం ధారపోసిన వృద్ధనాయకుడు ఫ్రెడరిక్ డగ్లస్ అక్కడ హైతీ దేశపు మంటపానికి అధికారిగా ఉండినాడు. ఆయన ఇతనిని వారానికి అయిదు డాలర్లమీద గుమాస్తాగా చేర్చుకొన్నాడు. ఆ ఆగస్టు 25న నల్లజాతివారికై ఏర్పాటైన ప్రత్యేకదినాన డగ్లస్ ప్రసంగించిన సభలో ఈ యువకుడును తన పద్యం చదివినాడు.

ఇక్కడ నాటి రంగస్థలపు స్థితిని కొంత చెప్పక తప్పదు. తెల్లవారు ముఖానికి మసి పూసుకొని, నల్లవారి నడకను, నవ్వును, మాటను వెక్కిరిస్తూ ఆడే మిన్‌స్ట్రెల్ ప్రదర్శనలు అమెరికాలో అరశతాబ్దంగా ప్రజల వినోదమై ఉండినవి. బానిసత్వం పోయినది గాని, నల్లవాడనగానే పాట పాడుతూ, కోడిని దొంగిలిస్తూ, పళ్ళికిలిస్తూ తిరిగే తేలిక మనిషి అన్న ఊహ పోలేదు. కొందరు తెల్ల రచయితలు పాత తోటల జీవితాన్ని తీయని స్వప్నంగా వర్ణించి మాండలికంలో కథలు కవితలు వ్రాసి ఖ్యాతి గడించినారు. ఆ మాండలికాన్ని చేపట్టి నల్లకవి ఒక హాస్యగీతం వ్రాసినాడంటే, అతడేమి తలచి వ్రాసినా, విన్నవారి చెవిలో మసిపూత నాటకమే మ్రోగుతుంది. పూర్వం మసిపూసుకొన్నవాడు చేసినదానిని ఇప్పుడు అసలువాడే చేస్తున్నాడని మురిసిపోతారు. డన్‌బార్ కలం పట్టినది ఇటువంటి బరిలో.

టొలీడో నగరపు న్యాయవాది ఒకరు, వైద్యుడొకరు పూనుకొని 1895లో అతని రెండవ పుస్తకం అచ్చుకు తోడ్పడినారు. దాని పేరు 'మేజర్స్ అండ్ మైనర్స్'. పెద్దవి, చిన్నవి అని అర్థం చెప్పుకోవచ్చును. సంగీతంలోని రెండు స్వరస్థాయిల పేర్లుగాను గ్రహింపవచ్చును. శిష్టభాషలోని గంభీర కవితలను పెద్దవానిలో చేర్చి, హాస్యము, మాండలికము అన్నవానిని చిన్నవానిలో వేరుగా కట్టినవాడు కవియే. లోకం తరువాత ఆ విభాగాన్ని తలక్రిందులు చేసినది. ఆనాటి అమెరికా విమర్శకులలో అగ్రగణ్యుడైన విలియం డీన్ హోవెల్స్ 1896 జూన్ 27న, అనగా సరిగా కవి ఇరువదినాలుగవ పుట్టినరోజున, 'హార్పర్స్ వీక్లీ'లో ఈ పుస్తకాన్ని సమీక్షించినాడు. మనసారా మెచ్చినాడు. పద్యాలతోబాటు పుస్తకంలోని ఛాయాచిత్రాన్నిగూర్చియు, ఆ ముఖంలోని ఆఫ్రికా జాతిలక్షణాన్నిగూర్చియు వ్రాసినాడు. శిష్టభాషలోని పద్యాలు మంచివే గాని ఎవరైనా వ్రాయగలిగినవనియు, ఈ కవి విశిష్టత మాండలిక గీతాలలోనే ఉన్నదనియు ఆయన తీర్పు. ఆ తీర్పుతో డన్‌బార్ ఒక్కనాటిలో దేశప్రసిద్ధుడైనాడు. ఆ సంవత్సరమే 'లిరిక్స్ ఆఫ్ లోలీ లైఫ్' హోవెల్స్ ముందుమాటతో వెలువడి విరివిగా అమ్ముడుపోయినది.

కృతజ్ఞత చూపుతూ హోవెల్స్‌కు ఉత్తరం వ్రాసిన ఆ కవియే, సంవత్సరం తిరుగకముందే లండన్‌నుండి ఒక మిత్రునికి వ్రాసిన లేఖలో, మాండలిక కవిత్వాన్నిగూర్చి ఆయన విధించిన శాసనం తనకు తీరని హాని చేసినదని వాపోయినాడు. పొగడ్త సంకెల అయినదన్నమాట. పత్రికలకు హాస్యగీతం పంపితే వెంటనే స్వీకరించేవారు. గంభీరమైనది పంపితే వెనుకకు వచ్చేది. సభలలోను అంతే. డన్‌బార్ చక్కని కంఠం గలవాడు. మాండలిక గీతం చదివేటప్పుడు పాత్రలోకి ప్రవేశించి, స్వరం మార్చి, పాదాల లయకు శరీరాన్ని ఊపుతూ చదివేవాడు. శ్రోతలు పొట్టలు పట్టుకొని నవ్వి మరొకటి, మరొకటి అనేవారు. వారడిగేది ఆ మరొకటే గాని, అతడు చదువదలచినది కాదు.

ఐతే అతని హాస్యం నిజంగా చిన్నదేనా? 'యాన్ యాంటీబెల్లం సెర్మన్' అనే గీతాన్ని చూస్తే అట్లనిపించదు. బానిసత్వపు రోజులలో ఒక నల్లజాతి బోధకుడు తోటి బానిసలకు ప్రసంగం చేస్తున్నాడు. విషయం బైబిలులోని మోషే కథ. ఫరో చెరనుండి ఇశ్రాయేలు ప్రజలను విడిపించిన వృత్తాంతం. చెబుతూ చెబుతూ ఉత్సాహం పట్టలేక విముక్తిని వర్ణిస్తాడు. అంతలోనే ఉలిక్కిపడి, నేను పాతకాలపు సంగతి చెబుతున్నానే గాని ఇప్పటిది కాదు, దొరలకు మోసేరు సుమా అని సర్దుకొంటాడు. మళ్ళీ ఉత్సాహం, మళ్ళీ సర్దుబాటు. చివరకు స్వేచ్ఛను పొంది పౌరులమయ్యేనాటిని తలచుకొని హద్దు దాటబోయి, నాలుక కరచుకొని, ప్రార్థన చేయుదము రమ్మని ముగిస్తాడు. తెల్ల శ్రోత ఆ తడబాటును చూచి నవ్వుతాడు. నల్ల శ్రోత కూడ నవ్వుతాడు. ఇద్దరి నవ్వు ఒకటి కాదు. ఒకడు బోధకుని చూచి నవ్వితే, మరొకడు బోధకునితో కలిసి నవ్వుతాడు. ఒకే మాటలో రెండు చెవులకు రెండర్థాలు వినిపించుట ఎంతటి ప్రజ్ఞో శ్లేష తెలిసిన తెలుగు పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ హాస్యానికి తాళపుచెవి 'మేజర్స్'లోనే ఉన్నది. 'వుయ్ వేర్ ద మాస్క్' అనే శిష్టభాషా గీతం అది. పదునైదు పాదాల చిన్న కవిత. లోకానికి నవ్వుముఖం చూపి లోపలి గాయాన్ని దాచుకొనే మనుష్యులను గురించి చెబుతుంది. జాతి పేరు ఒక్కచోటనైనా ఎత్తదు. ఒకే పుస్తకంలో ఒక భాగంలో ముసుగు నవ్వుతున్నది, రెండవ భాగంలో ముసుగు వెనుకనున్నవాడు మాటాడుతున్నాడు. హోవెల్స్ అంతటి సహృదయుడు కూడ ఈ రెండింటిని కలిపి చదువలేకపోయినాడు. శిష్టభాషా పద్యాలలో చాలమట్టుకు అనుకరణలేనన్న మాట పూర్తిగా త్రోసివేయదగినదీ కాదు. కొన్నిటిలో కీట్సు నీడ, టెన్నిసన్ నీడ స్పష్టంగా కనబడుతుంది. కాని ఇరువదినాలుగేండ్ల కవికి నీవు ఈ గదిలోనే ఉండుమని గీత గీయుట విమర్శకుని పని కాదు.

1897లో ఇంగ్లండుకు వెళ్ళి సభలలో కవితలు చదివినాడు. ఏర్పాట్లు చెడి డబ్బుకు ఇబ్బందిపడినాడు గాని, అక్కడ నల్లజాతి సంగీతకర్త శామ్యూల్ కోల్‌రిడ్జ్ టేలర్ స్నేహం లభించినది. ఆయన డన్‌బార్ గీతాలకు శాస్త్రీయమైన బాణీలు కూర్చగా ఇద్దరు కలిసి ప్రదర్శనలిచ్చినారు. గంభీరకవిగా అతనికి దక్కిన కొద్దిపాటి మన్ననలో ఇది ఒకటి. తిరిగివచ్చి వాషింగ్టన్‌లోని కాంగ్రెసు గ్రంథాలయంలో సంవత్సరానికి 720 డాలర్ల జీతంమీద సహాయకుడుగా చేరినాడు. పుస్తకాల ధూళి ఊపిరితిత్తులకు పడలేదు. ఎండకు కాగిన ఇనుప కమ్ములమధ్య నిలిచి పనిచేసిన ఆ అనుభవమే 'సింపతీ' అనే గీతానికి బీజమైనదని అతని భార్య తరువాత వ్రాసినది. పంజరంలోని పక్షిని గురించిన ఆ గీతంలోని మాటలనే మాయా ఏంజిలో 1969లో తన ఆత్మకథకు పేరుగా ఉంచుకొన్నది.

భార్య ఆలిస్ రూత్ మూర్ న్యూ ఆర్లియన్సుకు చెందిన రచయిత్రి. పత్రికలో ఆమె కవితతోబాటు చిత్రం చూచి 1895లో ఉత్తరం వ్రాసినాడు. 1898 మార్చిలో వివాహమైనది. ఆమెకు మాండలికరచన అంతగా రుచించేది కాదు. బయట లోకం మాండలికమే కావలెనన్నది. ఇంటిలో అది తగదన్న చూపు.

ఆ సంవత్సరమే అతని జీవితంలో మిక్కిలి చిత్రమైన ఘట్టం జరిగినది. విల్ మారియన్ కుక్ అనే సంగీతవిద్వాంసుడు బెర్లినులో వయొలిన్ అభ్యసించి వచ్చినవాడు. నల్లవాడగుటచే పెద్ద సంగీతశాలలు అతనికి తలుపు తీయలేదు. కుక్కు, డన్‌బారు కలిసి 'క్లోరిండీ' అనే సంగీతరూపకాన్ని సిద్ధం చేసినారు. పాటలన్నిటిని ఒక్క రాత్రిలో వ్రాసినామని కుక్ చెప్పుకొన్నాడు. 1898 జూలైలో న్యూయార్కులోని కసీనో థియేటరు మేడమీది ఆరుబయలు రంగస్థలంలో నల్లజాతి నటులే ఆడిన ఆ ప్రదర్శనకు ప్రేక్షకులు విరగబడినారు. మేడమీద సంభాషణలు వినబడవని డన్‌బార్ వ్రాసిన మాటలను తీసివేసి పాటలనే మిగిల్చినారు. ఆ పాటలలో కొన్ని మసిపూత నాటకపు హేళనకు దగ్గరివే. వానిలో ఒకదానిని కుక్ ఇంటిలో పియానోమీద వాయించగా, వంటయింటినుండి విన్న తల్లి, దేశదేశాలు పంపి చదివించినది ఈ పాట కట్టుటకా అని కంటనీరు పెట్టుకొన్నదట. రాత్రింబవళ్ళు చప్పట్లు మ్రోగుతుండగా డన్‌బార్ మాత్రం తన పేరు ఆ పాటలకు అంటుకొన్నందుకు నొచ్చుకొన్నాడు. ఇక ఇటువంటివి వ్రాయననుకొన్నాడు. ఐనను 1903లో బెర్ట్ విలియమ్స్, జార్జి వాకర్ నటించిన 'ఇన్ దహోమీ'లో అతని పాటలున్నవి. ఆ ప్రదర్శన లండన్‌కు పోయి బకింగ్‌హాం రాజసౌధంలోను ఆడినది. ఇల్లు గడవవలెను, మందులకు డబ్బు కావలెను. హాస్యం తెచ్చినంత డబ్బు మరేదీ తేలేదు.

1899లో న్యుమోనియా వచ్చినది. వెనువెంట క్షయ బయటపడినది. గాలిమార్పుకు కొలరాడో వెళ్ళినాడు. దగ్గు తగ్గుటకు వైద్యులు సూచించిన విస్కీ వ్యసనమైనది. మత్తులో భార్యను కొట్టినాడు. 1902లో ఆమె విడిచివెళ్ళిపోయి మరి తిరిగి రాలేదు. ముసుగులను గురించి అంత తెలిసిన కవి తన ఇంటిలో ఇట్లు ప్రవర్తించినాడన్నది అతని చరిత్రలో దాచరాని సంగతి.

ఐనను కలం ఆగలేదు. మొత్తంమీద నాలుగు నవలలు, నాలుగు కథాసంపుటాలు, కవితాసంపుటాలెన్నో వ్రాసినాడు. 'ది హాంటెడ్ ఓక్' అనే గీతంలో నల్లవానిని ఉరితీసిన చెట్టుకొమ్మ తానే కథ చెప్పుకొంటుంది. దానిలో నవ్వు ఇసుమంతైనా లేదు. 1902లో వెలువడిన 'ది స్పోర్ట్ ఆఫ్ ద గాడ్స్' నవలలో నేరం మోపబడిన ఒక నల్లకుటుంబం న్యూయార్కు చేరి, అక్కడి నాటకశాలల వెలుగులో చెల్లాచెదరగుటను చిత్రించినాడు. క్లోరిండీ పాటలు కట్టిన చేతికే ఆ వెలుగు వెనుకటి చీకటి బాగా తెలుసును. 1903నాటి సంపుటికి ప్రేమ, నవ్వు అని పేరుపెట్టినాడు. అందులోనే 'ది పొయెట్' అనే ఎనిమిది పాదాల కవిత ఉన్నది. లోతైన భావాలు పాడిన కవిని విడిచి, విరుపు మాటల చిందుపాటను మెచ్చుకొన్న లోకంమీది నిష్ఠూరం అది. తనను మెచ్చినవారి చేతిలోనే ఆ పుస్తకం పెట్టినాడు.

మిత్రుడైన కవి జేమ్స్ వెల్డన్ జాన్సన్‌తో, తాను చేయదలచినవి చేయనేలేదని ఒకప్పుడు చెప్పుకొన్నాడు. జాన్సన్ 1922లో నల్లజాతి కవుల సంకలనం ప్రకటిస్తూ, మాండలికానికి హాస్యము, కరుణము అను రెండే మెట్లున్నవని నిర్ణయించినాడు. డన్‌బార్ కథ దగ్గరనుండి చూచినవాని మాట అది. కాని లోపం వాయిద్యానిదా, రెండు మెట్లనే నొక్కుమని కూర్చున్న సభదా అన్న ప్రశ్న మిగిలే ఉన్నది. పది సంవత్సరాలు తిరుగకముందే స్టెర్లింగ్ బ్రౌన్ అనే కవి అదే జనభాషలో కోపము, ధైర్యము, తాత్త్వికత పలికించి చూపినాడు.

1904లో డన్‌బార్ డేటన్‌లో తల్లికోసం ఒక ఇల్లు కొన్నాడు. చివరి రెండేండ్లు అక్కడనే. 1906 ఫిబ్రవరి 9న తల్లి చెంతనుండగా కన్నుమూసినాడు. వుడ్‌లాండ్ శ్మశానవాటికలో సమాధి చేసినారు. రైటు సోదరుల సమాధులును అక్కడనే ఉన్నవి. తరువాతి తరాలలో నల్లజాతి పాఠశాలలెన్నో అతని పేరు పెట్టుకొన్నవి. ఆ పాఠశాలలలోను, చర్చిలలోను పిల్లలు కంఠస్థం చేసి, లయ తప్పకుండా, స్వరం మార్చి మార్చి చదివినవి మాత్రం ఎక్కువగా ఆ చిన్నవే. వానిలో మిక్కిలి పేరుపొందినది 'వెన్ మలిండీ సింగ్స్'. పాట పాడే ఒక నల్లజాతి స్త్రీ కంఠం ముందు తెల్ల దొరసాని చేతిలోని సంగీతపు పుస్తకం వెలవెలబోవుటను చమత్కారంగా చెప్పే గీతం అది. పనిచేసుకొంటూ పాడే తల్లి కూనిరాగమే దానికి ప్రేరణ. మెటిల్డా కుమారుని తరువాత ఇరువదియెనిమిదేండ్లు బ్రతికి, అతని బల్లను, పుస్తకాలను, వ్రాతయంత్రాన్ని అతడుంచినచోటనే ఉంచి కాపాడినది. ఆమె 1934లో మరణించగా, రెండేండ్ల తరువాత ఒహాయో ప్రభుత్వం ఆ ఇంటిని స్మారకభవనంగా స్వీకరించినది.